గండుపిల్లి అల్లరి, పెరిగే బరువు: ఆపరేషనా, తిండి మార్పా, మందులా?

ఇంట్లో మగపిల్లిని పెంచేవాళ్ళ దగ్గర్నుంచి వచ్చే ప్రశ్నలు దాదాపు రెండే రకాలు. ఏడాది లోపు పిల్లి అయితే "గోడల మీద మూత్రం చిమ్ముతోంది, రాత్రంతా అరుస్తోంది, చేయి పెడితే కరుస్తోంది" అంటారు. మూడు నాలుగేళ్ళ పిల్లి అయితే "ఆపరేషన్ చేయించాక ఒళ్ళొచ్చేసింది, చోటు నుంచి కదలడం లేదు" అంటారు. మొదటిదానికి ఒక మందు, రెండోదానికి ఇంకో మందు వెతుకుతారు. నిజానికి ఇవి రెండూ ఒకదానికొకటి ముడిపడ్డ విషయాలు. అల్లరి తగ్గడానికి చేయించే ఆపరేషనే (పిల్లలు పుట్టకుండా వృషణాలు తీసేయడం), ఆ తర్వాత గిన్నె సంగతి పట్టించుకోకపోతే, బరువు పెరగడానికి దారి తీస్తుంది. బరువు పెరిగి, ఆట లేక విసుగెత్తిన పిల్లి మళ్ళీ కరవడం, అరవడం మొదలుపెడుతుంది. అందుకే ఆపరేషన్, తిండి, ఆట ఈ మూడింటినీ విడివిడిగా కాకుండా కలిపి ఒకేసారి నిర్ణయించుకోండి అని అడిగినవాళ్ళందరికీ చెబుతాను.

ముందు ఇది అల్లరేనా?

ఏ దారి ఎంచుకోవాలో ఆలోచించే ముందు ఒక ప్రమాదం తెలిసి ఉండాలి. మగపిల్లి మూత్రనాళం సన్నగా ఉంటుంది, చివరికొచ్చేసరికి ఇంకా సన్నబడుతుంది. సన్నని రాళ్ళలాంటి స్ఫటికాలు, జిగురు కలిసి అక్కడ అడ్డుపడితే మూత్రం అసలు బయటికి రాదు. పిల్లి మలమూత్రాల కోసం ఇసుకలాంటి పొడి పోసి పెట్టే లిట్టర్ బాక్స్‌లోకి వెళ్తుంది, వీపు వంచి కూర్చుని ముక్కుతుంది, ఒకటి రెండు చుక్కలు పడతాయి లేదా అవీ పడవు. బయటికొచ్చి కింద నాక్కుంటుంది, మూలుగుతూ మళ్ళీ లోపలికి వెళ్తుంది. బాత్రూమ్ మూలన, బట్టల కుప్ప మీద కూడా కూర్చుని చూస్తుంది. చాలామంది దీన్ని మలబద్ధకం అనుకుంటారు, లేదా మొండితనం అనుకుని కసురుతారు. మూత్రం ఆగిపోతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె మీద దెబ్బ పడుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు.

ఇలా కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. పొట్ట నొక్కొద్దు. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు వేయొద్దు. మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు. దగ్గర్లో మంచి క్లినిక్ లేకపోతే రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి లాంటి చోట్ల పశువైద్య కళాశాలలున్నాయి, వాటి ఆసుపత్రుల్లో పిల్లులకూ చూస్తారు. రాత్రిపూట మీ ఊళ్ళో ఎవరు చూస్తారో పిల్లి బాగున్నప్పుడే కనుక్కుని ఫోన్ నంబరు రాసి పెట్టుకోండి. బరువు ఎక్కువున్న, కదలిక లేని, నీళ్ళు తక్కువ తాగే, డ్రై ఫుడ్ (ప్యాకెట్లలో వచ్చే పొడి గింజలు) మాత్రమే తినే మగపిల్లుల్లో ఈ అడ్డు రావడం ఎక్కువ. తిండి గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మళ్ళీ పనికొస్తుంది.

మూత్రం చిమ్మే పిల్లికి: నాలుగు దారులు

చిమ్మడం వేరు, బాక్స్ బయట పోయడం వేరు. చిమ్మే పిల్లి నిలబడే ఉంటుంది. గోడకో, తలుపుకో, కర్టెన్‌కో వెనక్కి తిరిగి, తోక నిటారుగా పైకెత్తుతుంది, ఆ తోక కొస వణుకుతుంది, వెనక కాళ్ళు అడుగులేస్తున్నట్టు కదులుతాయి, కొద్దిగా మూత్రం గోడ మీద పడి కిందికి జారుతుంది. ఇది "ఈ చోటు నాది" అని గుర్తు పెట్టుకోవడం. కూర్చుని, నేల మీదో పరుపు మీదో బాగా మడుగు కట్టేలా పోస్తే అది బాక్స్ నచ్చకపోవడమో, జబ్బో అయి ఉంటుంది. అలాంటప్పుడు ముందు మూత్రపరీక్ష చేయించండి. తర్వాత బాక్స్ సంగతి చూడండి. పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లుండే బాక్స్, వాసన లేని లిట్టర్, రోజుకు కనీసం ఒకసారి శుభ్రం చేయడం, ఎన్ని పిల్లులుంటే వాటికన్నా ఒక బాక్స్ ఎక్కువ. చాలా ఇళ్ళలో సమస్య ఇక్కడే తీరిపోతుంది.

చిమ్మడానికి మొదటి దారి ఆపరేషన్. ఎక్కువమంది వాయిదా వేసేదీ ఇదే. నాలుగు నుంచి ఆరు నెలల వయసులో, చిమ్మడం అలవాటు కాకముందే చేయించడం మేలు. మగపిల్లికి ఇది చిన్న ఆపరేషన్. పొట్ట కోయరు, చాలాసార్లు కుట్లు కూడా ఉండవు, మత్తు దిగాక సాయంత్రానికి ఇంటికి తెచ్చుకోవచ్చు. గాయం మానేదాకా ఓ వారం పది రోజులు నాక్కోకుండా చూడాలి, స్నానం చేయించకూడదు, దుమ్ము లేని లిట్టర్ వేయాలి. చిమ్మడం, ఆడపిల్లుల కోసం అరవడం, బయటికి పారిపోవడం, కొట్లాడటం చాలావరకు తగ్గుతాయి. పెద్దయ్యాక చేయిస్తే ఒంట్లో హార్మోన్ తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది, కాబట్టి మర్నాటికే మార్పు ఆశించొద్దు. ఆ కొన్ని వారాలు దాన్ని ఆడపిల్లులకు దూరంగానే ఉంచాలి. ఆపరేషన్ అయిన మగపిల్లుల్లోనూ పదింట ఒకటి దాకా చిమ్మడం కొనసాగించవచ్చు. మిగతా దారులు ముఖ్యంగా వాటి కోసమే.

"పాపం, దాని జీవితం ఎందుకు పాడుచేయడం, ఒకసారి జత కట్టాక చేయిద్దాం" అనేవాళ్ళున్నారు. జత కట్టడం వల్ల మగపిల్లికి ఆరోగ్యపరంగా ఒరిగేదేమీ లేదు. ఆపరేషన్ లేని గండుపిల్లి నెలల తరబడి కిటికీ దగ్గర అరుస్తూ, బయటికెళ్ళి కొట్లాడి చెవులు చీల్చుకుని, ఒంటి నిండా చీము గడ్డలతో తిరిగొస్తుంది. కాట్ల ద్వారా పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్ కూడా వ్యాపిస్తుంది. నాకు ఆ బాధే పెద్దదిగా కనిపిస్తుంది.

రెండో దారి ఇంట్లో కారణం వెతకడం. ఆపరేషన్ అయినా చిమ్ముతుంటే ఎక్కడ చిమ్ముతోందో చూడండి. బాల్కనీ తలుపు, కిటికీ గోడ అయితే బయట వేరే పిల్లి కనిపిస్తోందని అర్థం. అద్దానికి కింది సగం కాగితం అంటించడం, బయటి పిల్లి వచ్చి కూర్చునే చోట ఏదైనా అడ్డు పెట్టడం లాంటి చిన్న పనులతోనే ఆగిపోవచ్చు. కొత్తగా తెచ్చిన సంచి, చుట్టాల సూట్‌కేసు, కొత్త సోఫా మీద చిమ్మితే అది కొత్త వాసన వల్ల వచ్చిన టెన్షన్. చిమ్మిన చోటును మూత్రం వాసనను విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనర్‌తో తుడవాలి, లేకపోతే వాసన పట్టుకుని అక్కడికే వస్తుంది.

మన ఇళ్ళలో చేయి ఫినాయిల్ సీసా మీదికే పోతుంది. పిల్లులున్న ఇంట్లో ఆ అలవాటు మానాలి. ఫీనాల్ రకం పదార్థాలను పిల్లి కాలేయం సరిగా విరగ్గొట్టుకోలేదు. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే అవి నేరుగా ఒంట్లోకి పోతాయి. డెట్టాల్ లాంటి క్రిమిసంహారకాలకూ ఇదే వర్తిస్తుంది.

మూడో దారి ఫెలివే లాంటి ఫెరోమోన్ డిఫ్యూజర్. పిల్లి చెంపలు రాసినప్పుడు వదిలే వాసనను పోలిన పదార్థాన్ని ఇది గదిలోకి వదులుతుంది. హాని లేదు, కొన్ని పిల్లులకు పనిచేస్తుంది, కొన్నిటికి చేయదు. ఖరీదైనది కాబట్టి ఇల్లు మారినప్పుడు, కొత్త పిల్లి వచ్చినప్పుడు తాత్కాలిక సాయంగా కొనొచ్చు. ఆపరేషన్ బదులు ఇది కొంటే డబ్బు వృథా.

నాలుగోది ఆందోళన తగ్గించే మందులు. ఫ్లూయోక్సెటిన్, క్లోమిప్రమిన్ లాంటివి చిమ్మడాన్ని బాగానే తగ్గిస్తాయి. కానీ ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది, రోజూ మాత్ర మింగించాలి, ఒక్కసారిగా ఆపకూడదు. డాక్టరు మూత్రం, రక్తం పరీక్షలు చూసి రాస్తేనే వాడాలి. మొదటి మూడూ చేసి, అప్పటికీ ఆగని పిల్లికి మాత్రం మందు వాడటానికి వెనుకాడొద్దు. భయంతో చిమ్ముతున్న పిల్లికి అది ఉపశమనం.

ఐదో దారి ఒకటి చాలామంది మనసులో ఉంటుంది, వీధిలో వదిలేయడం. ఇంట్లో పెరిగిన పిల్లికి వీధికుక్కల నుంచి, బండ్ల కింద నుంచి తప్పించుకోవడం రాదు. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. నిజంగా పెంచలేకపోతే పెంచగలిగిన ఇల్లు చూడండి.

ఆపరేషన్ అయిన వారమే గిన్నె చూడాలి

ఆపరేషన్ తర్వాత పిల్లి ఒంటికి కావలసిన శక్తి సుమారు 20 నుంచి 30 శాతం తగ్గుతుంది. ఆకలి మాత్రం పెరుగుతుంది. గిన్నె ఎప్పటిలాగే నిండుగా ఉంటే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. డాక్టర్లు ఆపరేషన్ గురించి వివరంగా చెబుతారు గానీ, హడావుడిలో ఈ మాట చెప్పడం మర్చిపోతుంటారు. అడిగి చెప్పించుకోండి.

పిల్లి లావైందో లేదో కంటితో చూస్తే తెలియదు, పర్షియన్ పిల్లులకైతే బొచ్చు వల్ల అసలే తెలియదు. చేత్తో చూడాలి. అరచేతిని చాపి, ఆ చేతి వెనకవైపు వేళ్ళ మొదళ్ళ మీద రెండో చేతి వేలు నడపండి. ఎముకలు సన్నని పొర కింద తగులుతాయి. పిల్లి పక్కటెముకలు అలా తగిలితే బరువు సరిగ్గా ఉంది. అరచేతి వైపు నడిపినప్పటిలా కండ మాత్రమే తగిలి, ఎముక కోసం నొక్కాల్సి వస్తే ఒళ్ళొచ్చినట్టే. పైనుంచి చూస్తే పక్కటెముకల వెనక నడుము కొద్దిగా లోపలికి ఉండాలి. పొట్ట కింద వదులుగా వేలాడే చర్మపు సంచి చూసి కంగారు పడొద్దు, అది సన్నని పిల్లులకూ ఉంటుంది. వీపు చివర, తోక మొదట్లో చుండ్రు, చిక్కులు కనిపిస్తే మాత్రం గమనించండి. అక్కడిదాకా ఒళ్ళు తిప్పి నాక్కోలేకపోతోందని అర్థం.

మన దేశీ మగపిల్లి సాధారణంగా మూడున్నర నుంచి ఐదు కిలోలుంటుంది. తూచడానికి పిల్లిని ఎత్తుకుని మెషిన్ ఎక్కి, మీ బరువు తీసేస్తే ఉజ్జాయింపుగా తెలుస్తుంది. కానీ బరువు తగ్గించే పనిలో ఉంటే గ్రాముల్లో తేడా కావాలి. పసిపిల్లలను తూచే మెషినో, క్లినిక్‌లో మెషినో వాడండి. ఒళ్ళొచ్చిన, ఆపరేషన్ అయిన మగపిల్లులకే షుగర్ వ్యాధి వచ్చే అవకాశం ఎక్కువ. రోజూ ఇన్సులిన్ సూది వేయాల్సి వచ్చినప్పుడు ఇంటిల్లిపాదికీ ఎంత కష్టమో చూసినవాళ్ళకు గిన్నె కొలవడం పెద్ద పనిగా అనిపించదు.

ఏ తిండి?

ఎప్పుడూ నిండుగా ఉండే డ్రై ఫుడ్ గిన్నె అందరికీ తేలిక. ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళకు మరీ. కానీ ఇంట్లోనే ఉండే, ఆపరేషన్ అయిన మగపిల్లికి ఈ పద్ధతి వద్దని గట్టిగా చెబుతాను. నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 నుంచి 240 కేలరీలు చాలు. డ్రై ఫుడ్ 100 గ్రాముల్లో సాధారణంగా 350 నుంచి 400 కేలరీలుంటాయి. అంటే రోజుకు 55, 60 గ్రాములతో సరిపోతుంది. దాని మీద 10 గ్రాములు ఎక్కువ పడితే, అది గుప్పెడు కూడా కాదు, రోజు అవసరంలో ఆరో వంతు అదనం. కళ్ళతో ఈ తేడా కనిపెట్టలేం. వంటింటి తూకంతో పొద్దున్నే రోజు మొత్తానికి తూచి డబ్బాలో పోసి, అందులోంచే రెండు మూడు పూటలు పెట్టండి. ఇంట్లో ఎవరు పెట్టినా ఆ డబ్బాలోంచే పెట్టాలి. అమ్మమ్మ ఒకసారి, పిల్లలు ఒకసారి వేసే గింజలే అసలు లెక్క తప్పిస్తాయి.

వెట్ ఫుడ్‌లో (పౌచ్‌లలో వచ్చే తడి తిండి) దాదాపు 80 శాతం నీళ్ళే. పిల్లి స్వతహాగా నీళ్ళు తక్కువ తాగే ప్రాణి కాబట్టి మగపిల్లి మూత్రనాళానికి ఇది నిజమైన మేలు. కడుపు నిండుతుంది, కేలరీలు తక్కువ. 85 గ్రాముల పౌచ్‌లో చాలావరకు 60 నుంచి 80 లోపే. ఇబ్బంది ఖర్చు, ఎండ. మన ఏప్రిల్, మే నెలల్లో గంటకు మించి బయట ఉంచితే పాడవుతుంది, చీమలు పడతాయి. గిన్నెను నీళ్ళ పళ్ళెంలో పెడితే చీమల బాధ తప్పుతుంది గానీ, వేడి నుంచి తప్పించలేం. కాబట్టి తినగా మిగిలింది తీసేయాలి.

ఇంటి తిండి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో పిల్లి అంటే పాలు, పెరుగన్నం. పిల్లి మాంసాహారి. టారిన్ అనే పోషకం మాంసం నుంచే దానికి అందాలి. అది లేకపోతే గుండె కండరం బలహీనపడుతుంది, కంటిచూపు పోతుంది. పెరుగన్నంలో అది దాదాపు లేనట్టే, ఉన్నదంతా పిండిపదార్థం. ఒళ్ళు పెరుగుతుంది, పోషణ అందదు. టోన్డ్ పాలు 100 మిల్లీలీటర్లలో దాదాపు 60 కేలరీలు, అంటే రోజు తిండిలో పావు వంతు, పైగా పెద్ద పిల్లులు చాలావాటికి పాలు అరగక విరేచనాలవుతాయి. చికెన్ ఉడికించి పెట్టేవాళ్ళు ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా పెట్టాలి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి. ఉడికించిన నీళ్ళు పారబోయకుండా అందులోనే కలిపి పెట్టాలి, టారిన్ అందులోకి దిగుతుంది కాబట్టి. రోజూ వట్టి చికెనే పెడితే కాల్షియం అందదు, కార్జం ఎక్కువైతే విటమిన్ ఏ విషమవుతుంది. డాక్టరు సలహాతో సప్లిమెంట్లు కలపగలిగితే ఇంటి వంట మంచిదే. లేకపోతే దాన్ని రోజుకు రెండు ముక్కల అదనంగానే ఉంచండి. శాకాహారుల ఇళ్ళలో పిల్లి ఉంటే ప్యాకెట్ తిండి కొనడమే దానికి న్యాయం.

నేను ఎంచుకునేది కలిపి పెట్టడం. ఉదాహరణకు ఆరు కిలోలకు చేరిన, ఐదు కిలోలు ఉండాల్సిన పిల్లి. బరువు తగ్గడానికి డాక్టర్లు వేసే లెక్కలో దానికి రోజుకు 185, 190 కేలరీలొస్తాయి. ఒక పౌచ్ వెట్ ఫుడ్ రెండు పూటలకు పంచి, మిగతాది 30 గ్రాముల డ్రై ఫుడ్‌గా ఇవ్వచ్చు. ఆ 30 గ్రాములను గిన్నెలో పోయకుండా, అట్టముక్కల మధ్య, గుడ్డు ట్రే గుంతల్లో, చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ సీసాలో వేసి వెతుక్కోనివ్వండి. తిండితోపాటే పని దొరుకుతుంది. బరువు బాగా ఎక్కువున్న పిల్లికి మామూలు తిండినే మరీ తగ్గిస్తే విటమిన్లు, ప్రోటీన్ కూడా తగ్గిపోతాయి. వాటికి డాక్టరు రాసే బరువు తగ్గించే ప్రత్యేక ఆహారం ఖరీదైనా అదే సరైనది.

తొందర మాత్రం వద్దు. వారానికి ఒంటి బరువులో ఒక శాతం, అంటే ఆరు కిలోల పిల్లికి 60 గ్రాములు తగ్గితే బాగా తగ్గినట్టు. కిలో తగ్గడానికి నాలుగైదు నెలలు పడుతుంది. పస్తు పెట్టి, లేదా "ఇదే తింటే తిను" అని కొత్త తిండి పెట్టి రెండు మూడు రోజులు తినకుండా వదిలేస్తే, లావు పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. కొత్త తిండిని పాతదాంట్లో కొద్దికొద్దిగా కలుపుతూ వారం పది రోజుల్లో మార్చండి. పిల్లి ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే డాక్టరుకు ఫోన్ చేయాలి.

కరవడం, రాత్రి అరుపులు

ఆపరేషన్ అయ్యాక మిగిలే అల్లరిలో ఎక్కువ భాగం ఖాళీగా ఉండటం వల్ల వచ్చేది. పిల్లి మీద నీళ్ళు చల్లడం, కొట్టడం, మూత్రం పోసిన చోట ముక్కు పట్టి రుద్దడం అనే పాత పద్ధతుల వల్ల పిల్లి మీకు భయపడటం నేర్చుకుంటుంది, భయపడ్డ పిల్లి ఇంకా చిమ్ముతుంది. వాటికన్నా ఆట ఎంచుకోండి. కర్రకు తాడు, తాడుకు ఈక కట్టి, పొద్దున, రాత్రి తిండికి ముందు పది పదిహేను నిమిషాలు. ఎరను దాని ముఖం మీదికి తేకుండా, దూరంగా పారిపోతున్నట్టు సోఫా కిందికి, కర్టెన్ వెనక్కి లాగాలి. చివర్లో పట్టుకోనిచ్చి, వెంటనే గిన్నె పెట్టాలి. వేటాడి, తిని, ఒళ్ళు నాక్కుని పడుకోవడం పిల్లి సహజక్రమం కాబట్టి రాత్రి అరుపులు కూడా దీంతోనే తగ్గుతాయి. లేజర్ లైటు కొంటే చివర్లో దాన్ని నిజమైన బొమ్మ మీదో, తిండి మీదో ఆపాలి. చేతివేళ్ళతో ఆడించడం పిల్లగా ఉన్నప్పుడే మానేయాలి.

తెల్లవారుజామున నాలుగింటికి లేపే పిల్లికి లేచి తిండి పెడితే అదే అలవాటవుతుంది. పట్టించుకోకుండా ఉంటే కొన్నాళ్ళు అరుపులు ఇంకా పెరుగుతాయి, మధ్యలో ఒక్కరోజు లొంగినా మొదటికొస్తుంది. ఫ్లాట్‌లో పక్కింటివాళ్ళకు ఇబ్బంది అనుకుంటే టైమర్‌తో తెరుచుకునే ఫీడర్ కొనండి. పిల్లి మీ ముఖం మానేసి ఆ డబ్బా ముందు కూర్చుంటుంది.

సోఫా గోకే పిల్లికి ఖరీదైన స్టాండ్ అక్కర్లేదు. కదలని కర్రకు మూడడుగుల ఎత్తున కొబ్బరితాడో గోనెపట్టో గట్టిగా చుట్టి సోఫా పక్కనే పెట్టండి. గోళ్ళు తీయించే ఆలోచన మాత్రం వద్దు, అది వేలి చివరి ఎముకను కోసేయడం.

తోడుగా ఇంకో పిల్లి తెస్తే?

ఒంటరిగా ఉండి లావవుతోందని రెండో పిల్లిని తెచ్చేవాళ్ళున్నారు. రెండూ ఆపరేషన్ అయినవై, కొత్తది చిన్నదై, కొన్ని వారాలు వేరే గదిలో ఉంచి వాసనలు అలవాటు చేసి కలిపితే కొన్నిసార్లు బాగుంటుంది. కానీ చిమ్మే పిల్లి ఉన్న ఇంట్లో కొత్త పిల్లి వస్తే చిమ్మడం పెరిగే అవకాశమే ఎక్కువ. బరువు సంగతి ఇంకా కష్టమవుతుంది, పెద్దది తన గిన్నె ఖాళీ చేసి చిన్నదాని గిన్నె మీద పడుతుంది. తెచ్చుకున్నవాళ్ళు రెంటికీ వేర్వేరు గదుల్లో తలుపు వేసి తిండి పెట్టి, ఇరవై నిమిషాల తర్వాత గిన్నెలు తీసేయాలి. ఆ ఓపిక, రెండు గదులు లేకపోతే ఉన్న పిల్లితోనే రోజుకు రెండుసార్లు ఆడండి.